పిల్లి కాన్పు

"ఇంకా కనలేదేమిటిది?" అన్నాడు భర్త, బుట్టలోకి తొంగిచూసి.

ఆమె బుట్టను ఒళ్లో సర్దుకుంది. జంతువుల ఆసుపత్రి వరండాలో ఉన్నది ఒక్కటే బల్ల. ముప్పాతిక భాగం అతనే ఆక్రమించాడు. ఆమె చివర ఒదిగి కూర్చుంది.

"ఇంకా టైముందన్నారండీ డాక్టరమ్మ."

"ఎంత టైము? ఏనుగునేమైనా కంటుందా?"

ఆ ఇంట్లో ప్రశ్నలు అతనివే, జవాబులూ అతనివే. వీధిలోంచి వచ్చి చేరిన ఈ బొచ్చుపిల్లి పొట్ట చూసి, 'కడుపుతో ఉంది' అని తేల్చిందీ అతనే. పై ఆఫీసరు గారి భార్య మగపిల్లి కూన ఒకటి కావాలని ఎప్పుడో అన్నదట. ఆ మాట గుర్తొచ్చాక పిల్లికి రాజభోగం పట్టింది. లేకపోతే ఆసుపత్రి వంక పెట్టుకుని అయినా ఆమె గడప దాటడం కల్ల.

అతను ఆఫీసుకు పోతూ బయట తాళం వేసుకుపోతాడు. ఆమె ఫోనును అతను గోడకేసి కొట్టి చాలాకాలమైంది. అక్క ఫోన్ చేస్తే, "మీ చెల్లెలికి మీతో మాట్లాడటం ఇష్టం లేదు" అని తనే చెప్పేశాడు. ఇరుగుపొరుగు దృష్టిలో ఆమె ఒంట్లో బాగుండని మనిషి. వంటింటి కిటికీలోంచి కనిపించే ఎదురుగోడే ఆమెకు లోకం. ఆ గోడకు ఎక్కడెక్కడ పెచ్చులూడాయో కళ్లు మూసుకుని చెప్పగలదు.

మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు డాక్టరమ్మ పిల్లిని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, బుట్ట పట్టుకున్న ఆమె మణికట్టు చూసింది. దాని మీద వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

"ఏమైందమ్మా ఇక్కడ?"

"జారిపడ్డానండీ."

పక్కనే భర్త ఉన్నాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుని అతనివైపు తిరిగింది.

"మీరన్నది నిజమేనండీ, కడుపుతోనే ఉంది. వారం వారం తీసుకురావాలి. పరాయివాళ్లుంటే బెదిరిపోతుంది, అందుకని రోజూ తిండి పెట్టే మనిషొక్కరే లోపలికి రావాలి. బాగా మేపండి."

తన మాట డాక్టరు కూడా ఒప్పుకునేసరికి అతను ఉబ్బిపోయాడు. ఇంటికి వెళ్లేదాకా అదే చెప్పాడు.

అలా వారానికోసారి ఇంటి తాళం తీయక తప్పింది కాదు. ఒకనాడు ఆమె పిల్లి వీపు నిమురుతూ నిమురుతూ ఏడ్చేసింది. డాక్టరమ్మ తన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. అక్క నంబరు ఆమె మరిచిపోలేదు.

తలుపుకున్న మసక అద్దం మీద అతని నీడ కదిలినప్పుడల్లా ఆమె మాట మధ్యలోనే ఆపేసేది. "నువ్వేం మాట్లాడకు, నేను చెప్పేది విను" అనేది అక్క. అక్క ఉండేది దూరపు ఊళ్లో. చెల్లెలికి ఓ గది చూడాలి, ఏదో ఒక పని చూడాలి, ముందుగా నాలుగు చోట్ల మాట్లాడి పెట్టుకోవాలి. అన్నిటికీ వ్యవధి కావాలి.

ఈలోగా పిల్లి కనేస్తే? కాన్పయిపోయాక ఆసుపత్రితో పనేముంది? ఆ భయం ఆమెను తినేసేది. వంటింట్లో దాని పొట్ట మీద చెయ్యి వేసి, "ఇప్పుడే కాదే తల్లీ, కాస్త ఓర్చుకో" అని బతిమాలుకునేది. నా అవసరానికి నోరులేని ప్రాణిని నొప్పులు ఆపుకోమంటున్నానా అని మళ్లీ తనే సిగ్గుపడేది. పిల్లి మాత్రం పెట్టింది పెట్టినట్టు తిని గుమ్మడికాయలా తయారైంది.

తలుపు తెరుచుకుంది. ఇవాళ డాక్టరమ్మ చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో కళ్లు తెరవని కూనలు కుయ్యిమంటున్నాయి.

"ఇవాళే కాన్పయ్యేలా ఉందండీ. చాలాసేపు పడుతుంది" అంటూ పెట్టెను అతని ఒళ్లో పెట్టింది. "ఎవరో మా గేటు దగ్గర వదిలేసి పోయిన కూనలివి. మీకు మగదే కావాలన్నారుగా, గుర్తుపట్టడం నేర్చుకోండి. తోక ఎత్తి చూస్తే పైనొక చుక్క, దానికి దగ్గరగా కింద నిలువు గీత ఉంటే ఆడది. రెండూ చుక్కల్లాగే ఉండి, మధ్య కాస్త ఎడం ఉంటే మగది."

"ఓస్, ఇంతేనా? ఇదో విద్యా?"

"అయితే వేరు చేసి పెట్టండి. నేనొచ్చి చూస్తాను."

ఆమె బుట్టతో లోపలికి వెళ్లగానే తలుపు మూసుకుంది. అద్దం అవతల అతని తల పెట్టెలోకి వంగింది. "ఇది మగది... కాదు, ఆడదే... ఉండు, కదలకు" అని గొణుగుడు వినిపించింది.

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, మందుల గది దాటించి, వెనక తలుపు గొళ్లెం తీసింది. సందులో కారు ఆగి ఉంది. అక్క దిగి, వెనక సీటు తలుపు తెరిచి పట్టుకుంది.

ఆమె ఒక కాలు బయట పెట్టి ఆగిపోయింది. బుట్టను గుండెకు హత్తుకుంది.

"అంతదూరం ప్రయాణం కదా డాక్టరమ్మా. దారిలో దీనికి నొప్పులొస్తే ఏం చెయ్యాలండీ? ఏమైనా అయితే ఆ పాపం నాదే."

"నొప్పులు రావులే, భయపడకుండా వెళ్లు తల్లీ" అంది డాక్టరమ్మ, బుట్ట మూత వేస్తూ. "ఇది మగపిల్లి."