వెచ్చని గోనెసంచి

సంచిలోంచి చిన్న పాదం ఒకటి బయటికి కనిపించింది. అంతే, రేవులో టీ తాగుతున్న పాతికమందీ లేచి నిలబడ్డారు.

సైకిలు దిగిన కుర్రవాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. పట్నం చొక్కా, కళ్ళద్దాలు, గుండెకి కట్టుకున్న గోనెసంచి. అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి వెంటనే పడవ కట్టమన్నాడు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా సుందర్బన్ లంకల్లో తిరుగుతోందని నాలుగు రోజులుగా ప్రతి ఫోనులోనూ అదే మోత. చూసినవాడు ఒక్కడూ లేడు, నమ్మనివాడూ ఒక్కడు లేడు.

పడవ నడిపే నిరాపద ఆ పొద్దున కాలు నేలమీద నిలవని సంతోషంలో ఉన్నాడు. తెల్లవారుజామున అతని భార్య పుట్టింట్లో మగపిల్లవాణ్ణి కన్నది. కబురు తెచ్చిన మనిషికి కొత్త తువాలు ఇచ్చి, రేవంతా పంచదార బతాసాలు పంచాడు. కొడుకు ముఖం ఇంకా చూడలేదు. ఆరో రోజు, పిల్లల్ని కాచే షష్ఠీదేవి పూజ అయ్యేదాకా తండ్రి బిడ్డ మొహం చూడకూడదు, ఏ మగవాడూ పురిటిగది గడప తొక్కకూడదు. లోపలికి ఈగని కూడా రానివ్వకుండా అత్తగారు కాపలా ఉంటుంది. తన బిడ్డ భద్రంగా ఉన్నాడు. ఎవరి బిడ్డో ఇలా సంచిలో పోతుంటే అతని రక్తం ఉడికిపోయింది.

"ఎవరి బిడ్డరా ఇది?" అని కాలరు పట్టుకున్నాడు.

కుర్రవాడు బెదరలేదు. తన పేరు అర్ఘ్య అనీ, కలకత్తాలో ఇంజనీరింగు చదువుతున్నాననీ గబగబా చెప్పాడు. సంచి తన తయారీయే, లంకల్లో పురిటి ఇళ్ళకి ఇవ్వడానికే తెచ్చాడు. లోపల మైనం పలక ఉంది. వేడినీళ్ళలో ముంచి తీస్తే ఆరు గంటలు బిడ్డని వెచ్చగా ఉంచుతుంది. ఆసుపత్రి అద్దాలపెట్టెకి లక్షలవుతాయి, దీనికి కోడిపెట్ట ధర చాలు. నెలలు నిండని బిడ్డ, చల్లబడిపోతోంది, ఇంటి పెద్దావిడ వెనక గట్టు మీద నడిచి వస్తోంది, ముందు పడవ తియ్యండి అని బతిమాలాడు.

"ఇన్ని చెప్పావు, తండ్రి పేరు చెప్పు చూద్దాం" అన్నాడు చేపల హరిపద.

కుర్రవాడు తడబడ్డాడు. "తెలీదండీ. గడప బయట నిలబడి అడిగితే తల్లి చెప్పకుండా గోడవైపు తిరిగింది."

రేవంతా గొల్లున నవ్వింది. ఆ లంకలో ఏ ఆడదీ మొగుడి పేరు నోటితో అనదని వాళ్ళందరికీ తెలుసు. ఆ క్షణాన ఒక్కడికీ గుర్తు రాలేదు.

"తల్లి పేరైతే నాకు..."

నిరాపద తెడ్డు అతని మూతిమీద పడింది. టీ గ్లాసుల మధ్య రెండు పళ్ళు రాలాయి.

ఆ తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో లెక్కలేదు. వెదురుకర్రలు, ఇటుకలు, ఐసు కొట్టే సుత్తి. అర్ఘ్య తలకి చేతులు అడ్డం పెట్టుకోలేదు. సంచి చుట్టూ పెట్టుకుని, దాని మీదికి వంగి ముడుచుకుపోయాడు. వీపులో ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"దొంగసొత్తుని ఎట్లా కాచుకుంటున్నాడో చూడు" అన్నాడు హరిపద.

సంచిని పట్టుకున్న వేళ్ళని నిరాపదే ఒక్కొక్కటిగా వెనక్కి విరిచాడు. గోనె చిరిగింది. వేడి మైనం పలక బురదలో పడింది. అరచేతికి సరిపోయేంత బిడ్డ బయటికి వచ్చింది. ఏడుపు లేదు. నది మీంచి వచ్చే గాలికి పెదాలు నీలంగా మారాయి. ఏ తల్లికి పెట్టబోయాడో ఈ కడుపుకోత అనుకుని నిరాపద కళ్ళు చెమర్చాయి. బిడ్డని తన తడి తువాలులో చుట్టుకున్నాడు.

అర్ఘ్య నెత్తుటి నోటితో ఏదో చెప్పబోయాడు. మాట రాక, బురదలో పలక వైపు చెయ్యి చాపాడు. పారిపోతున్నాడంటూ ఎవరో సుత్తి ఎత్తారు. ఆ చెయ్యి మళ్ళీ కదలలేదు.

అప్పుడే గట్టు మీద ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంది. గుంపు అడ్డమై కింద పడున్నవాడు ఆమెకి కనిపించలేదు. నిరాపదని చూడగానే చెంగు నెత్తిమీదికి లాక్కుని, మొహం పక్కకి తిప్పుకుని, మెల్లిగా మందలించింది.

"ఆరో రోజుదాకా నువ్వు నీ కొడుకు మొహం చూడకూడదు కదా నాయనా, వాణ్ణి సంచిలో పెట్టి ఆ అబ్బాయి చేతికే ఇచ్చెయ్యి."