నాలుగో పిస్టన్

"ఆ నాలుగోది వెయ్యకు బాబూ."

తిరుపతిరావు తలెత్తి చూశాడు. షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. తెల్లగడ్డం, మాసిన లుంగీ, చంకలో గుడ్డసంచి.

అది 1996 ఏప్రిల్. విజయవాడ ఆటోనగర్లో తిరుపతిరావు సొంత షెడ్డు పెట్టి మూడు నెలలైంది. అన్నాళ్ళూ వచ్చినవి సైలెన్సర్ అతుకులూ, బ్రేకు పనులూ. మొదటిసారి పూర్తిగా విప్పి కట్టాల్సిన ఇంజను వచ్చింది. అంబాసిడర్ కారుది.

కారు ఓనరు రామకోటేశ్వరరావుకి ఇబ్రహీంపట్నంలో ట్రావెల్స్ ఉంది.

"ఇది బాగా కట్టావంటే నా పన్నెండు కార్లూ ఇక నీ షెడ్డుకే. సోమవారం ట్రయల్‌కి వస్తా," అని చెప్పి వెళ్ళాడాయన.

పన్నెండు కార్లంటే మాటలా! జన్మంతా కూర్చుని తినొచ్చు.

సిలిండర్లు అరిగిపోయాయని బోరింగ్ చేయించి సైజు పెంచాడు. ఆ సైజు పిస్టన్లు షాపులో ఒక కంపెనీవి మూడే ఉన్నాయి. నాలుగోది వేరే కంపెనీది. సైజు ఒకటేగా అని కలిపి తెచ్చేశాడు. తొందరలో ఉన్న ప్రతి మెకానిక్కూ చేసే పనే.

"ఏం సాయిబుగారూ, నాలుగోది మీకేం అపకారం చేసింది?"

ముసలాయన లోపలికొచ్చి ఆ పిస్టన్ ఒక అరచేతిలో, ఇంకో పిస్టన్ రెండో అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"బరువు తేడా ఉంది. సైజు ఒకటే గానీ లోహం ఒకటి కాదు. వేడెక్కితే ఇది ఎక్కువ ఉబ్బుతుంది. పట్టుమని పది మైళ్ళు పోకముందే సిలిండర్లో బిగుసుకుపోయి ఇంజను పట్టేస్తుంది."

"అరచేత్తో తూచేశారే! సోదె కూడా చెప్తారా?"

పక్క షెడ్లవాళ్ళు పగలబడి నవ్వారు.

"రెండ్రోజులు ఆగు బాబూ. నాలుగూ ఒక్క సెట్టువే వెయ్యాలి. ఎక్కడో చోట..."

"ఇదిగో, నీకు పనిలేదు, నాకుంది. పద పద."

పెద్దల మాట చద్దిమూట అంటారు. తిరుపతిరావు మూటలు విప్పి చూసే రకం కాదు. చేతులు తుడుచుకుని టీకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి బల్లమీద మూడే ఉన్నాయి. నాలుగో పిస్టన్ లేదు. ముసలాయనా లేడు.

ఒళ్ళు మండిపోయింది. పరుగెత్తాడు. ఆటోనగర్ గేటు దగ్గర సిటీ బస్సెక్కబోతున్న ముసలాయన్ని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. సంచి లాక్కుని బోర్లించాడు. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు, పిస్టన్ రోడ్డుమీద పడ్డాయి.

"దొంగ సచ్చినోడా! నీతులు చెప్పి నా సామానే ఎత్తుకుపోతావా?"

"అయ్యో, కాదు బాబూ. ఇది షాపులో మార్చి, ఆ మూడింటికీ జోడు తెద్దామని. నువ్వు కనపడలేదు. అందుకే..."

చెంపా చెవీ కలిపి చాచి కొట్టాడు. చాలక ఇంకోటి కొట్టాడు.

జనం మూగారు. ఆటోనగర్లో సామాను దొంగంటే జాలిపడేవాడు పుట్టలేదు.

"పోలీసులకిచ్చెయ్!"

"ముసలోడు కదా, కాళ్ళు పట్టుకోమని వదిలెయ్ తిరపతీ."

ముసలాయన అందరి మొహాలూ చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. వంగి, కొడుకు వయసువాడి కాళ్ళు పట్టుకున్నాడు. అప్పుడు వదిలారు.

సాయంత్రానికి తిరుపతిరావు ఇంజను బిగించేశాడు. పంతం కొద్దీ నాలుగోదే ముందు వేశాడు.

సోమవారం రామకోటేశ్వరరావు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. తిరుపతిరావు నడిపాడు. బెంజిసర్కిల్ దాకా వెన్నలా పోయింది. బ్యారేజీ పక్కనుంచి ముందుకు సాగింది. గొల్లపూడిలో టకటకమంది. పొగొచ్చింది. కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

పట్టేసింది.

తిరుపతిరావు రెండుసార్లు తాళం తిప్పి చూశాడు. ఏదో ఒకటి చెప్పాలి.

"దిష్టి కొట్టిందండీ! శనివారం ఒక దొంగ ముసలోడొచ్చాడు. అరచేత్తో పిస్టన్ తూచి, ఇంజను పట్టేస్తదని శాపం పెట్టాడు. పైగా పిస్టన్ సంచిలో వేసుకుని ఉడాయించబోయాడు."

రామకోటేశ్వరరావు తల తిప్పి చూశాడు.

"అరచేత్తో తూచాడా?"

"అవునండీ. నాలుగు తగిలించా. కాళ్ళు పట్టించుకుని గానీ వదల్లేదు."

రామకోటేశ్వరరావు తలుపు తీసుకుని దిగి, అటుగా వస్తున్న ఆటోని ఆపాడు.

"సార్, సార్! ఒక్క ఛాన్సివ్వండి. ఈసారి మంచి సెట్టు తెప్పించి వేస్తా."

"అసలు నీ షెడ్డుకి నేనెలా వచ్చాననుకున్నావయ్యా?"

"నా పేరు విని అనుకున్నానండీ."

"మూడు నెలల షెడ్డుకి పేరేంటి? మా హెడ్ మెకానిక్కి వయసైపోయింది. తన చోటికి ఎవరా అని ఆటోనగరంతా తిరిగి నిన్ను ఎంచాడు. కుర్రాడి చెయ్యి మంచిది, కార్లన్నీ అతనికే ఇద్దామని నెల్రోజులు నా ప్రాణం తీశాడు. తన సంగతి మాత్రం నీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే మొహమాటపడతావట."

తిరుపతిరావు కారు దిగి ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆయనెవరో చెప్పండి సార్. ఇప్పుడే వెళ్ళి కాళ్ళమీద పడతా."

రామకోటేశ్వరరావు ఆటో ఎక్కి కూర్చున్నాడు.

"ఆయన పేరు కరిముల్లా, శనివారం బస్సులోంచి పడి ఒక చెవి వినపడకుండా పోయిందని మాకు చెప్పాడు గానీ, నీ కాళ్ళు పట్టుకున్నానని మాత్రం చెప్పలేదయ్యా."