రేకు మీది నలుసు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: బాబాయి, పిన్ని, అక్క, అందరూ పొట్టి అని పిలిచే చెల్లెలు. నలుగురూ ముందుగదిలోనే ఉన్నారు. పొట్టికి పరీక్ష ఆ రోజే.

ఇంటి వెనక షెడ్డులో బాబాయి గాలి సొరంగం ఉంది. అదొక పొడవాటి చెక్కగొట్టం. ఒక చివర పెద్ద ఫ్యాను తిరిగితే, లోపల పరిచిన నున్నటి రేకు మీదుగా గాలి ఎలా పోతుందో మీటర్లు చెబుతాయి. పరీక్ష నెగ్గితే అందులో చోటు. ఆ పైన, పిన్ని మాట నిజమైతే, కాలేజీ. పదో తరగతి పుస్తకాలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు పొట్టి.

అమ్మానాన్నలు పోయాక ఇద్దరినీ బాబాయే తెచ్చి పెట్టుకున్నాడు. పోయినేడు అక్క షెడ్డులో చేరింది. ఈమధ్యే మాన్పించారు. ఎందుకని అడిగితే మాట మార్చేస్తుంది. అక్క మోచేతులు కాయలు కాచి ఉన్నాయి. బల్లకి ఆనించి రాసీ రాసీ కాబోలు.

"ఫ్యాను అంత జోరుగా తిరుగుతుంది కదా, రెక్క మీది దుమ్ము ఎందుకు ఎగిరిపోదు?" అన్నాడు బాబాయి.

అక్క వెనకనుంచి పొట్టి జడ లాగింది. "తెలీదని చెప్పవే," అని గొణిగింది.

కళ్లల్లో నిప్పులు పోసుకుంటోంది, అనుకుంది పొట్టి.

"రెక్కని అంటుకున్న గాలి దాంతోపాటే తిరుగుతుంది బాబాయ్. అందుకే దుమ్ముకి విసురు తగలదు. కాస్త పైనున్న గాలే జారిపోతుంది."

"జారి?"

"కొంతదూరం నున్నగా పోతుంది. తర్వాత సుడులు తిరుగుతుంది."

"సుడులు ముందే మొదలైతే?"

"దారిలో గరుకేదో తగిలినట్టు. చిన్న నలుసైనా చాలు."

"నలుసు నీ కంటికి ఆనుతుందా?"

పొట్టి బల్ల మీద వేలు అద్ది పైకెత్తింది. వేలి కొసన ఇసుకరేణువు. అప్పటిదాకా అది ఎవరికీ కనబడలేదు.

బాబాయి నవ్వాడు. "గోళ్లు చూపించు."

అన్నీ కొరికేసిన గోళ్లే.

"మంచిదే. ఇరుకులో భయమా?"

"లేదు."

పిన్ని టేపు తెచ్చి భుజాలు కొలిచింది. తెల్లకోటు కుట్టిస్తారన్నమాట.

"అక్కకంటే సన్నమే," అంది పిన్ని. "నక్కతోక తొక్కొచ్చావే పొట్టీ."

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళ్లుతో ఏడుస్తోందో ఏమో.

షెడ్డు గుమ్మంలో బాబాయి చెప్పులు విప్పించాడు. సొరంగం పక్కనున్న చిన్న తలుపు తీశాడు.

"పద, నీ చోటు చూసుకో."

భుజాలు ముడుచుకుని, మోచేతుల మీద పాకుతూ దూరింది పొట్టి. రేకులో తన మొహమే మెరుస్తూ కనబడింది. నవ్వొచ్చింది.

"మీటర్లు ఎటువైపు చూడాలి బాబాయ్?"

"వాటికి నేనున్నాగా."

తడిగుడ్డ ఒకటి లోపలికి విసిరి, బాబాయి తలుపు మూసేశాడు.