హెస్టరమ్మ తొడుక్కున్న ప్యాంటు

మొక్కజొన్న చేలో ప్యాంటు తొడుక్కుని, చేత కర్ర పట్టుకుని మగరాయుడిలా నిలబడ్డ పాస్టరు భార్య హెస్టరమ్మను చూడగానే బిషప్పుగారికి ఎక్కిళ్లొచ్చాయి. జీపు పూర్తిగా ఆగకముందే కిందికి దూకేశారు.

"ఏమిటమ్మా ఈ వేషం? మిషన్ నేల మీద ఆడమనిషి ప్యాంటు వేసుకోవడమా!"

ఆయన గొంతు అలాంటిలాంటి గొంతు కాదు. ఆయన ప్రసంగం అందుకుంటే చర్చి కప్పులో గబ్బిలాలు మూటాముల్లె సర్దుకుని పక్క ఊరికి పోతాయి. ఆ కేకకు వంటమనిషి చూల్వేవాళ్లమ్మ సంకటి గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకాలే, తెల్ల అంగీ కాళ్లకు అడ్డం పడుతుంటే, పాస్టరు ఆర్నాల్డుగారు వచ్చారు.

"బబూన్ కోతులండీ," అని నసిగారు పాస్టరుగారు. "కొండ మీంచి మందలు మందలుగా దిగుతున్నాయి. కోతకింకా ఆరు రోజులుంది. ఈ చేను పోతే బడి పిల్లలు నలభై మందికి వచ్చే పంట దాకా సంకటి లేదు."

"అయితే మీరు తోలండి. మీరు మగాళ్లు కారా?"

చూల్వేవాళ్లమ్మ కిసుక్కున నవ్వింది. "బబూన్లు ఆడవాళ్లకు భయపడవు బిషప్పయ్యా. నేనెంత గొంతు చించుకున్నా నా ఎదురుగానే కూర్చుని కంకులు వలుచుకు తింటాయి. మగాడు కనపడితేనే పరుగు. మా ఊరి మగాళ్లేమో అందరూ రాగి గనుల్లో ఉన్నారు."

"మరి ఈయనో?"

"ఈయన అంగీ చూడండి, మడమల దాకా గౌను. వాటి కంటికి ఈయన గడ్డమున్న ఆడది."

పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. పగటిపూట గుమ్మం దాటాక అంగీ విప్పకూడదని ఆ మిషన్‌లో నియమం. ఆ నియమం పెట్టింది బిషప్పుగారే.

"అందుకే ఈయన పాత ఖాకీ ప్యాంటు నేనేసుకున్నా," అంది హెస్టరమ్మ. "ఉన్నది ఇదొక్కటే. పది రోజుల్నించి ఒక్క కంకి పోలేదు, చూసుకోండి."

"కంకులు పోలేదమ్మా, మర్యాద పోయింది! ముందు ఆ ప్యాంటు మార్చుకుని నా గదిలో పెట్టండి. ఇంకోసారి ఈ నేల మీద ఆడమనిషి ప్యాంటులో కనపడిందా, మీ ఇద్దరి పెట్టెలూ మీ దేశానికి ఓడెక్కుతాయి. కోతుల సంగతంటారా, నేను చూసుకుంటా. నా గొంతు విని సింహాలే దారి మళ్లాయి!"

భోంచేసి, ఊదారంగు అంగీ దులుపుకుని, బిషప్పుగారు చేను మధ్యకు వెళ్లారు. కోతులు రానే వచ్చాయి. ఆయన ఒక్క గర్జన గర్జించారు. ఆ దెబ్బకు పక్క ఊరి కోళ్లన్నీ రేపటి గుడ్డు ఇవాళే పెట్టేశాయి. బబూన్లు మాత్రం ఆగి, ఆయన అంగీని మడమల దాకా ఓసారి చూసి, కంకులు విరవడం మొదలెట్టాయి.

అరిచి అరిచి ఆయన చీమల పుట్ట మీద కూలబడ్డారు. అప్పుడొక తల్లి కోతి వచ్చింది. ఆయన్ని ఎగాదిగా చూసింది. పొట్టకు కరుచుకున్న పిల్లను తీసి ఆయన ఒళ్లో పెట్టి, రెండు చేతులా తినడానికి చేలోకి పోయింది. ఎవరో నమ్మకమైన ముసలావిడ దొరికిందని మిగతా తల్లులకు తెలియడానికి ఎంతసేపు! కాసేపట్లో ఏడు పిల్లలు చేరాయి. ఒకటి అంగీ బొత్తాలు కొరుకుతోంది. ఇంకొకటి నెత్తినెక్కి పేలు వెతికి, బట్టతలలో ఏమీ దొరక్క కోపంతో చెవి లాగింది.

బిషప్పుగారు లేవబోయారు. చుట్టూ తల్లులు కోరలు బయటపెట్టాయి.

"కదలకండి బిషప్పయ్యా!" గట్టు మీంచి అరిచింది చూల్వేవాళ్లమ్మ. "పిల్ల ఏడ్చిందంటే తల్లి కరుస్తుంది! జోకొట్టండి!"

ఏం చేస్తారు పాపం, జోకొట్టారు. ఆ గొంతును ఎన్నడూ లేనంత కిందికి దించి కీర్తన కూడా పాడారు. పొద్దు వాలాక తల్లులొచ్చి దేని పిల్లను అది చంకనేసుకున్నాయి. ఆఖరున వెళ్లిన కోతి సగం కొరికిన కంకి ఒకటి ఆయన చేతిలో పెట్టింది, కూలి కింద.

చేనులో పావు వంతు నేలపాలైంది. బిషప్పుగారు తిన్నగా గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నారు.

"ఆయన అవస్థంతా చూశాం కదా. ఇక మన్ని ఉంచరు," అంటూ పాస్టరుగారు అటక మీంచి పెట్టెలు దించారు.

"పంపితే పంపనీ," అంది హెస్టరమ్మ దుప్పట్లు మడతపెడుతూ. "రేపు ఆ చేనెవరు కాస్తారు? పిల్లలకేం పెడతారు? అది చెప్పండి ముందు."

పాస్టరుగారు పెట్టె మీది దుమ్ము తుడిచారు. చూల్వేవాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని ముక్కు చీదుకుంది.

తెల్లారేసరికి చేలోంచి ఒకటే గోల. ముగ్గురూ పరుగున వెళ్లి చూస్తే, బబూన్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, పిల్లల్ని జారవిడిచి మళ్లీ ఎత్తుకుంటూ కొండెక్కి పారిపోతున్నాయి. చీమల పుట్ట మీద ఊదారంగు అంగీ ఆరేసినట్టు పడుంది. చేను నడుమ, పొడవు చాలక పిక్కల దగ్గరే ఆగిపోయిన ఖాకీ ప్యాంటుతో, గిరగిరా కర్ర తిప్పుతూ బిషప్పుగారు!

నోరు తెరుచుకుని నిలబడ్డ హెస్టరమ్మను చూసి ఆయన ఉరిమారు. "ఏమిటమ్మా అలా చూస్తారు? ఈ నేల మీద ఆడమనిషి ప్యాంటు వేసుకోకూడదన్న మాట మీద నేనింకా నిలబడే ఉన్నా. కోతలయ్యేదాకా దీన్ని మీకిచ్చేది లేదు!"