లీవరుకు కట్టిన కంబి

"బండి లేచింది నాగేంద్రా. వచ్చి తోలుకోనిపో."

పులివెందుల నుంచి మెకానిక్ చాంద్ బాషా ఫోన్ చేశాడు.

ప్రశాంతి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోలేదు. చేతికున్న పెళ్లిగాజుల రంగు ఇంకా తగ్గలేదు. జమ్మలమడుగు దారిలో కౌలుకు ఒక బీడు దొరికింది. ఇప్పుడు దాన్ని దున్నడానికి చాంద్ బాషా ద్వారా కొన్న సొంత ట్రాక్టరు. నాగేంద్ర కంటే వయసులో పెద్దదైతేనేం, సొంతమే.

ఇద్దరూ పులివెందుల చేరేసరికి షెడ్డులో ట్రాక్టరు దడదడలాడుతోంది. వెనక దున్నే మడకలు తగిలించి ఉన్నాయి.

"మడకను పైన పట్టుకునే ఈ పైలింకు కాడ స్ప్రింగు చూసినావా?" అన్నాడు చాంద్ బాషా. "నేల గట్టిగా తగిలితే మడక దీన్ని నొక్కుతాది. అప్పుడు లిఫ్టు తనంతట తానే మడకను రవ్వంత పైకెత్తుతాది. మెత్తన వస్తే మళ్లా దించుతాది. బండి ముక్కకుండా పోతాంటాది."

"మనిషి మాదిరే ఉందే," అంది ప్రశాంతి.

"మనిషి కంటే మేలు బిడ్డా. మొండికి పోదు."

దారి పొడవునా ప్రశాంతి మడ్‌గార్డు మీదే కూర్చుని వచ్చింది. ఇంటికి రాగానే బానెట్టుకు పసుపు పూసింది. కాలేజీ నాటి జీన్సు గుడ్డ కత్తిరించి సీటుకు దిండు కుట్టింది.

చేను పైపైన తడిగా ఉంది, లోపల రాయిలా ఉంది. గట్టి నేల తగిలినచోటల్లా మడక లేస్తోంది. సాలు లోతుగా రావడం లేదు.

"ఏందప్పా ఇది, కోడి గెలికినట్లుంది," అన్నాడు పక్క చేను ఆదినారాయణ.

"అది అంతే మామా. తనే లేస్తాది."

"లేస్తే శనగ యాడ మొలుస్తాది? తడి ఆరిపోతాంది. మడక లేయకుండా లిఫ్టు లీవరును అడుక్కు దించి తాడుతో కట్టెయ్. ఈడ అందరూ అట్లే చేస్తాండారు."

తొలి పంట. నాగేంద్ర లీవరును కిందికంటా దించి తాడుతో బిగించాడు. ఆ సాయంత్రం సాళ్లు లోతుగా, నల్లగా పడ్డాయి. ప్రశాంతి వాటిని ఫోటో తీసుకుంది.

మరుసటి పొద్దున తాడు తెగి ఉంది.

గట్టు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. తెల్లటి గడ్డం, నెత్తిన టోపీ.

"నేనే కోసినాప్పా. కట్టద్దు."

"ఎవరు నువ్వు?"

"జమ్మలమడుగు."

"ఊరు అడగలే. ఎవరని అడిగినా."

ముసలాయన ట్రాక్టరు దగ్గరకు వచ్చాడు. సీటు మీది దిండును చూశాడు.

"ఎవరు కుట్టినారు?"

"నేనే," అంది ప్రశాంతి.

"బాగుంది బిడ్డా." దాని మీది దుమ్మును భుజం మీది తువ్వాలుతో దులిపి వెళ్లిపోయాడు.

"తిక్కోడు," అన్నాడు నాగేంద్ర. ఈసారి తాడు కాదు, కట్టుకంబి తెచ్చాడు. మూడు పేటలు చుట్టాడు. "ఇప్పుడు కొయ్యమను, చూద్దాం."

తర్వాతి రోజు ముసలాయన కటింగ్ ప్లేయరుతో వచ్చాడు. నాగేంద్ర చూసేసరికి లీవరు మీదికి వంగి ఉన్నాడు.

నాగేంద్ర ప్లేయరు లాక్కుని చేలోకి విసిరేశాడు.

"మా పంట పోతే నువ్వు పెడతావా కూడు?"

"కట్టద్దు నాయనా."

"అదొక్కటే వచ్చా నీకు?"

రెక్క పట్టుకుని రోడ్డు దాకా నడిపించాడు. ముసలాయన కాలి చెప్పు ఒకటి సాలులోనే ఉండిపోయింది. దానికోసం ఆగనివ్వలేదు. బస్సు ఆపి ఎక్కించాడు.

కిటికీలోంచి ముసలాయన వాళ్లను చూడలేదు. ట్రాక్టరునే చూస్తూ పోయాడు.

"నీకంటే బండే నచ్చినట్లుంది బావా," అని ప్రశాంతి నవ్వింది.

మర్నాడు చేను చివరి మూల మిగిలింది. అక్కడ మడక దిగి ఇరుక్కుంది. ఇంజను మూలిగింది. ముందు చక్రాలు నేల విడిచి బండి వెనక్కి వాలింది.

నాగేంద్రకు క్లచ్ గుర్తు రాలేదు. చేతికందిన లీవరును పట్టి పైకి లాగాడు. దానికి కంబి కట్టిన సంగతి లాగాకే గుర్తొచ్చింది.

కంబి పుటుక్కున తెగింది. మడక లేచింది. ముందు చక్రాలు దభీమని కిందపడ్డాయి.

ప్రశాంతి గట్టు మీద నుంచి పరుగెత్తి వచ్చింది. దిండు సాలులో పడి ఉంది.

నాగేంద్ర కంబిని విప్పి చూశాడు. ఒక పేట సాగి తెగింది. మిగతా రెండూ ప్లేయరుతో కోసినవి. ఆ కోతలు తళతళలాడుతున్నాయి.

ఇంటికి వస్తూనే చాంద్ బాషాకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టాడు.

"మామా, జమ్మలమడుగు నుంచి ఒక ముసలాయన మా చేలోకి వస్తాండె. నీకు తెలుసా?"

"అబ్దుల్ సలాం. ఆ బండి ముందు ఆయనదే. యాడికి పోయిందని అడిగితే నీ ఊరు చెప్పినా."

"ఇల్లు యాడో చెప్పు. ఆయన్ను చూడల్ల."



"నిన్న బస్సు దిగి ఇంటికి పోయి పడుకున్నాడంటప్పా. మళ్లా లేయలే. రేపు మూడోనాటి జియారత్."

ప్రశాంతి దిండుకు అంటిన మట్టి కడుగుతోంది. చేతులు ఆగిపోయాయి. చేలోంచి తెచ్చి మూలన పెట్టిన ఒంటి చెప్పు వైపు చూసింది.

"రేపు పొద్దున్నే పోదాం బావా," అంది మెల్లగా. "బండి మీదే పోదాం. ఆయనకు ఇష్టం గదా."

ఆ మాట ఫోనులో చాంద్ బాషాకు వినిపించింది.

"రేపు బస్సులో రండి బిడ్డా, ఆ బండిని ఆయన ఇంటామె ఖైరున్నీసమ్మ కంట పడనీబాకండి. వాళ్ల కొడుకు దాని కిందనే పోయినాడు, ఆ పొద్దు లీవరుకు తాడు కట్టింది సలామే."