తిప్పని పుట

తెక్కలకోట బాలికల ఫుట్‌బాల్ సంఘం సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: అధ్యక్షులు, విశ్రాంత ఆంగ్ల ప్రధానోపాధ్యాయులు శ్రీ చిదానంద గారు, ఆయన కుడివైపున లారీల యజమాని శ్రీ సోమప్ప, ఎడమవైపున వ్యాయామ ఉపాధ్యాయిని శ్రీమతి నేత్ర.

వాకిలి బయట, బెంచీ చివర, ఒక అభ్యర్థి.

అతని పేరు రుద్రేశ్. నలభై దాటినవాడు. నడిచేటప్పుడు కుడికాలు కొద్దిగా ఈడుస్తాడు. రెండు నెలల క్రితం ఎక్కడినుంచో వచ్చి బస్టాండు వెనుక గది తీసుకున్నాడు. కోచ్ లేని ఆడపిల్లల జట్టును నాటినుంచి ప్రతి ఉదయం తానే ఆడిస్తున్నాడు.

ఇప్పుడు ఆ కోచ్ పదవికే దరఖాస్తు పెట్టాడు. ఆదివారం బళ్లారిలో జిల్లా ఫైనల్.

చిదానంద గారు అతణ్ణి లోపలికి పిలిచారు. కూర్చోమనలేదు.

"ఏ స్థానంలో ఆడేవారు అన్న గడిలో 'అన్నీ' అని రాశారు. అన్నీ అనేది ఒక స్థానం కాదు."

"యాడ ఖాళీ ఉంటే ఆడ ఆడినా సార్. ఎక్కువగా నడిమధ్యన."

"గోల్‌కీపర్‌గా కూడానా?"

"రెండు తూర్లు. కీపర్ ఉన్నాడే, ఆయప్పకు దెబ్బ తగిలినప్పుడు."

సోమప్ప నవ్వాడు. "అంటే స్టెప్నీ అన్నమాట. ఏందప్పా, ఆటగాడంటే ఒక జాగా ఉండొద్దా?"

"స్టెప్నీ లేకుండా మీ లారీ హోస్పేట దాకా పోతుందా అన్నా?"

నేత్ర చున్నీ అంచుతో నవ్వు దాచుకుంది. చిదానంద గారు నవ్వలేదు.

"మొత్తం ఎన్ని గోల్స్ చేశారు?"

"పద్నాలుగేండ్లలో ఆరు సార్."

"ఆరు."

"మిగతా వివరమంతా వెనకాల రాసినా సార్."

"ముందు పుట సక్రమంగా లేనప్పుడు వెనుక పుట తిప్పవలసిన అవసరం లేదు."

అది ఆయన ముప్పై ఒక్క సంవత్సరాల నియమం. ఆ నియమాన్ని ఆయన వీడ్కోలు సభలో ముగ్గురు వక్తలు ప్రశంసించారు.

ఎర్ర సిరా కలం తీసి దరఖాస్తుకు అడ్డంగా గీత గీశారు. కింద రాశారు: 'స్థిరత్వం లేదు. అనర్హుడు.'

నేత్ర నెమ్మదిగా అంది: "పిల్లోల్లు ఆయన మాట వింటారు సార్."

"పిల్లలు ఐస్‌క్రీం బండివాడి మాట కూడా వింటారు."

రుద్రేశ్ చేతులు కట్టుకున్నాడు. "ఉద్యోగం వద్దు సార్. ఆదివారం దాకా ఆడించనీయండి. మ్యాచ్ అయినాక నేనే పోతా."

"నియామకం లేనివారు మైదానంలో అడుగు పెట్టరాదు. రేపటినుంచే."

అతడు మెడలోని విజిల్ తీసి నేత్ర ముందు పెట్టాడు.

"ఆయ్తు సార్, అట్లే కానీండి," అని వెళ్లిపోయాడు.

ఆదివారం చిదానంద గారు బళ్లారి మైదానంలో ముందు వరుసలో కూర్చున్నారు. తెక్కలకోట ఒక గోలు ముందుంది. ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉందనగా గోల్‌కీపర్ వేలు విరిగింది. ఆమె బదులు నిలబడేందుకు మరో కీపర్ లేదు.

నేత్ర నోరు తెరిచేలోగానే, మధ్యలో ఆడే సహన వెళ్లి ఆ గ్లోవ్స్ తొడుక్కుంది. వెనుక ఆడే పిల్ల సహన చోటికి వచ్చింది. పక్కనున్న పిల్ల వెనక్కి జరిగింది. బెంచీ మీదినుంచి వచ్చిన పిల్ల ఆ పక్కన నిలిచింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

సహన మూడు బంతులు ఆపింది. ఆ ఒక్క గోలు చివరిదాకా నిలిచింది.

చిదానంద గారు ఆమెను దగ్గరికి పిలిచారు. "నిన్ను గోల్‌లో నిలబడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పల్య సార్. యాడ ఖాళీ పడితే ఆడికి పోవల్లంట."

"ఎవరన్నారు ఆ మాట?"

ఆ పిల్ల తల దించుకుంది.

"మీరు వద్దన్న ఆ సారే, సార్."

మరునాడు ఉదయం ఆయన ఒంటరిగా కార్యాలయానికి వచ్చి ఫైలు తెరిచారు. ఎర్ర గీత ఉన్న ఆ కాగితాన్ని తిప్పారు.

వెనుక పద్నాలుగు వరుసలు. సంవత్సరం, క్లబ్బు, స్థానం. ఒక ఏడు ఎడమ వెనుక. ఒక ఏడు కుడి పక్క. మూడేళ్లు నడిమధ్య. మోకాలు విరిగిన ఏడు కూడా దాచకుండా రాశాడు.

దానికి ఆంగ్లంలో ఒక ఉత్తరం గుచ్చి ఉంది. కింద కోల్‌కతా క్లబ్బు కోచ్ సంతకం ఉంది. చిదానంద గారు దాన్ని రెండుసార్లు చదివారు. అందులో ఆయన దిద్దదగిన తప్పు ఒక్కటీ లేదు.

ఎర్ర కలం జేబులోనుంచి తీసి సొరుగులో పెట్టేశారు.

సాయంత్రం సమావేశం. అదే వరుసలో వారే ముగ్గురు. బయట బెంచీ ఖాళీ.

"ఆయన్ను పిలిపించండి," అన్నారు చిదానంద గారు. రుద్రేశ్ గురించి అధ్యక్షుల నోట 'ఆయన' అన్న మాట రావడం అదే మొదలు.

"పొద్దున్నే ఫోన్ చేసినా సార్," అంది నేత్ర. "ఎమ్మిగనూరు జట్టులో చేరినారంట. 'ఈడ ఖాళీ ఉండాదన్నారు మేడమ్, వచ్చేసినా' అన్నారు."



చిదానంద గారు మినిట్స్ పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. నీలి సిరాతో ఇలా రాశారు:

'కోల్‌కతా, గోవా క్లబ్బులలో పద్నాలుగేళ్లు వృత్తి ఆటగాడిగా ఆడిన, జతచేసిన ఉత్తరం ప్రకారం ఏ జట్టు జాబితాలోనైనా కోచ్‌లు ఎవరి పేరు అందరికంటే ముందు రాసి, స్థానం మాత్రం మిగతా అందరికీ చోట్లు కుదిరాక చివర రాసేవారో, ఆ మిడ్‌ఫీల్డర్ శ్రీ రుద్రేశ్ గారే మన పిల్లలను గెలిపించారని ఈ సంఘం కృతజ్ఞతతోను, దీని అధ్యక్షుడు సిగ్గుతోను నమోదు చేస్తున్నారు.'