నొక్కేముందు చూసుకోండి

“ఒక్క మాట అడగొద్దూ? చెరిపేసేముందు ఒక్క మాట!”

వేదశ్రీ టేబుల్ మీద గట్టిగా చరిచింది. టీ గ్లాసు ఒలికింది. తుడవాలని కూడా ఆమెకు తోచలేదు.

ఆమె గుంటూరులో లాయరు. నకిలీ మిరప విత్తనాలు అంటగట్టిన కంపెనీ మీద ప్రత్తిపాడు వైపు రైతులు వేసిన కేసు ఆమె చేతిలో ఉంది. సాక్ష్యాలు కోర్టుకిచ్చేది మర్నాడే. ఏపుగా పెరిగి ఒక్క కాయైనా పట్టని తోటలు, వాటి మధ్య నిలబడి రైతులు చెప్పుకున్న గోడు, అంతా ఆమే స్వయంగా చేలగట్ల వెంట తిరిగి కెమెరాలో ఎక్కించింది. ఆ ఫోటోలు, వీడియోలు అన్నీ కెమెరాలోంచి తీసేసి, బయట తగిలించే ఒక హార్డ్ డిస్కులో ఒకే ఫోల్డరులో పెట్టుకుంది.

పొద్దున ఆ డిస్కులోంచి పాత కేసుల ఫైళ్ళు తీసేస్తుంటే, వాటితోపాటు ఈ ఫోల్డరు కూడా సెలెక్ట్ అయింది. ఆమె గమనించలేదు. డిలీట్ నొక్కింది. కంప్యూటరు కిమ్మనలేదు. తీసెయ్యనా అని అడగలేదు. రీసైకిల్ బిన్‌లోనూ వెయ్యలేదు. ఖాళీ అయిన చోట ఇంకో కేసు వీడియోలు ఎక్కించాక గానీ ఆమెకు సంగతి తెలియలేదు.

వెంటనే పై వాటాలో అద్దెకుండే ప్రద్యుమ్నను పిలిచింది. ఇంట్లోంచే ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. వేసవిలో ఆమె కంప్యూటరు మొరాయిస్తే బాగుచేసి, ఉచితంగా దొరికే సిస్టం, ఫైళ్ళు చూసుకునే ప్రోగ్రాం ఎక్కించిపెట్టింది అతనే. జరిగింది వినగానే అతని మొహం పాలిపోయింది. పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాం పెట్టుకుని కూర్చున్నవాడు మధ్యాహ్నం దాటినా లేవలేదు. అన్నం తిని రమ్మన్నా కదల్లేదు.

దొరికినవి ముక్కలు. సగం ఆకాశం. ఎవరిదో మోచెయ్యి. గొంతు మాత్రం ఒక్కటీ లేదు.

ఇంతలో ఫోను. రైతుల తరఫున తిరిగే చెంచురామయ్య.

“లాయరమ్మా, రేపు పొద్దున బస్సుకే వచ్చేస్తన్నాం. బసవమ్మ కూడా వస్తానంటంది.”

వేదశ్రీకి అబద్ధం నోట రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

అవతల చెంచురామయ్య ఒక్కసారిగా అరిచాడు.

“మళ్ళీ తీద్దామంటే తోట ఏదమ్మా? పీకేసి జొన్న ఏశాంగా! యలమంద మాట్లాడింది కూడా పోయిందా?”

యలమంద బసవమ్మ మొగుడు. కెమెరా ముందు అంతా చెప్పిన వారానికే ఆ తోటలో పురుగుమందు తాగి పోయాడు.

“పోయింది” అంది వేదశ్రీ.

“ఆ మాట నువ్వే చెప్పుకో బసవమ్మకి. నావల్ల కాదు.” ఫోను పెట్టేశాడు.

ఆమె ఫోను టేబుల్ మీద పడేసింది. తన మీద తనకున్న కోపానికి తోడు ఇంకో కోపం పొంగింది.

“అసలు ఈ ఫైళ్ళ ప్రోగ్రాం తయారుచేసినవాడెవడు ప్రద్యుమ్నా?”

“ఇంకొంచెం వెతుకుదాం మేడమ్” అన్నాడతను తలెత్తకుండా.

ఆమె తన ఫోనులో వెతికింది. ఆ ప్రోగ్రాం వాడేవాళ్ళు ఫిర్యాదులు రాసుకునే పేజీ దొరికింది. నాలుగేళ్ళ కిందటే ఎవరో టీచరు మొరపెట్టుకుంది. బయటి డిస్కుల్లో డిలీట్ నొక్కితే అడక్కుండానే పోతున్నాయని, తన పిల్లల చిన్ననాటి ఫోటోలన్నీ పోయాయని, ఒక హెచ్చరిక పెట్టమని. కింద తయారుచేసినవాడి జవాబు. వేదశ్రీ పైకే చదివింది.

“‘డిలీట్ నొక్కితే డిలీట్ అవుతుంది. ప్రతిసారీ నిజమేనా అని అడిగితే పని తెలిసినవాళ్ళకు చిరాకు. నొక్కేముందు చూసుకోండి.’ విన్నావా? ఎంత పొగరు! పైగా అసలు పేరు కూడా పెట్టుకోలేదు, ఏదో మారుపేరు!”

ప్రద్యుమ్న తెర మీదికి ఇంకాస్త వంగాడు.

“అలా అడిగేలా చెయ్యడం అంత కష్టమా?”

“కాదు మేడమ్. నాలుగైదు లైన్లు రాస్తే చాలు.”

“మరెందుకు రాయలేదు?”

“కొంతమందికి అది అడ్డంగా అనిపిస్తుంది.”

“ఎవరికి? బసవమ్మకా?” ఆమె కోర్టులో సాక్షిని నిలదీసినట్టు అడిగింది. “చూసుకుని నొక్కాలట! నేను చూసుకోలేదు, నాది తప్పే. రేపు ఆ మనిషి కాళ్ళ మీద పడతాను. మరి వీడు? ముందే చెప్పారుగా వీడికి! నాలుగేళ్ళ కిందటే చెవిలో పడ్డ మాట పట్టించుకోనివాడిని ఏమనాలి?”

వెతికే ప్రోగ్రాం ఆగిపోయింది. ఇంకేమీ మిగల్లేదని తెర మీద వచ్చింది.

వేదశ్రీ అదే పేజీలో కొత్త ఫిర్యాదు తెరిచింది. ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి ఆగి, తెలుగులోనే కొట్టింది. అర్థం కాకపోతే ఎవరి కాళ్ళో పట్టుకుని అడిగి తెలుసుకోనీ.

‘పేరు చెప్పుకోలేని పెద్దమనిషీ, ఈరోజు నీవల్ల యలమంద రెండోసారి చచ్చిపోయాడు.’

“ఇప్పుడు కోపంలో ఉన్నారు మేడమ్. రేపు రాయొచ్చు కదా” అన్నాడు ప్రద్యుమ్న మెల్లగా.

“కోపంలోనే రాయాలి. ఇది వాడికి చేరుతుందా, చేరదా? అది చెప్పు.”

“చేరుతుంది మేడమ్. వెంటనే.”

ఆమె పంపేసింది.

ప్రద్యుమ్న చొక్కా జేబులో ఫోను టింగుమంది, అతను తీసి టేబుల్ మీద పెడితే దాని తెర మీద వెలుగుతున్న మాటలు వేదశ్రీకి స్పష్టంగా కనబడ్డాయి: ‘పేరు చెప్పుకోలేని పెద్దమనిషీ...’